కాస్తెలోరిజో: పది వేల నుంచి రెండు వందలకు

గ్రీసు దేశానికి తూర్పు కొసన, జనం కాపురముంటున్న చివరి ఊరు కాస్తెలోరిజో. చిన్న దీవి, ఆ దీవికంతటికీ ఒకటే ఊరు. సర్కారు కాగితాల్లో దీని పేరు మెగిస్తి. రాజధాని ఏథెన్స్ ఇక్కడికి దాదాపు 570 కిలోమీటర్లు. దగ్గరలో ఉన్న పెద్ద గ్రీకు దీవి రోడ్స్‌కు కూడా 120 కిలోమీటర్లు పైమాటే. తుర్కియే ఒడ్డు మాత్రం సుమారు 2 కిలోమీటర్ల దూరంలో ఉంది. అవతలి ఒడ్డున కాష్ అనే పట్నం ఉంది, పడవెక్కితే అరగంట లోపే చేరుకోవచ్చు. రేవు మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా కనిపించే కొండలన్నీ పరాయి దేశానివే.

19వ శతాబ్దం చివర ఈ ఊళ్లో తొమ్మిది, పది వేల మంది ఉండేవారని అంచనా. 1981 జనగణన నాటికి ఆ సంఖ్య రెండు వందల పైచిలుకుకు దిగింది. 2011లో 492. 2021 లెక్కల్లో ఆరు వందలకు కాస్త తక్కువ. నూరేళ్ల లోపు ఒక పట్నం పల్లె అయిపోయి, ఆ పల్లె మళ్లీ మెల్లగా కోలుకుంటోంది. యుద్ధాలు, భూకంపం, అగ్నిప్రమాదం అన్నీ ఈ చరిత్రలో ఉన్నాయి. అయితే ఊరు ఖాళీ కావడానికి అసలు కారణం వేరు. ఎదుటి ఒడ్డుకూ ఈ దీవికీ మధ్య ఉన్న ఆ రెండు కిలోమీటర్ల నీటి మీద సరిహద్దు గీత పడింది.

దీవి విస్తీర్ణం సుమారు 9 చదరపు కిలోమీటర్లు. మొత్తం సున్నపురాయి. ఏరు లేదు, వాగు లేదు. చలికాలంలో కురిసే వానను ఇంటింటా రాతి తొట్లలో పట్టి నిలవ చేసుకోవడమే పాతకాలపు పద్ధతి. పొలాలని చెప్పుకోదగ్గవి ఒకటి రెండు చిన్న మైదానాల్లో తప్ప లేవు. ఇలాంటి రాతి మీద పది వేల మంది ఎలా బతికారన్నది ఎవరికైనా వచ్చే మొదటి సందేహం. ఆ రాయి వాళ్లకు కూడు పెట్టలేదు. దీవికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి దాని రేవు. అనటోలియా దక్షిణ తీరమంతటా ఓడలు నిశ్చింతగా లంగరు వేసుకోదగ్గ చోట్లు తక్కువ. కాస్తెలోరిజో రేవు గుర్రపు లాడం ఆకారంలో లోపలికి చొచ్చుకొచ్చి, గాలివాన నుంచి పడవలను కాపాడుతుంది. ఈజిప్టుకూ, సిరియాకూ, సైప్రస్‌కూ వెళ్లే దారిలో ఉంది. ఊరు పెరిగినా తరిగినా ఆ రేవు వల్లనే.

పాత చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 14వ శతాబ్దంలో రోడ్స్‌ను ఏలిన సెయింట్ జాన్ యోధులు ఇక్కడి ఎర్రరాతి గుట్ట మీద కోట కట్టారు. ఊరి పేరు ఆ ఎర్రకోట నుంచే వచ్చింది. 15వ శతాబ్దం నడిమిలో ఈజిప్టు సుల్తాన్ నౌకాదళం ఆ కోటను పడగొట్టింది. కొద్ది ఏళ్లకే నేపుల్స్ రాజు అల్ఫోన్సో దీవిని పట్టుకుని కోటను తిరిగి కట్టించాడు. 16వ శతాబ్దంలో ఒట్టోమన్ తుర్కుల వశమైంది. నడుమ వెనిస్ వాళ్లు ఒకసారి, 1788లో రష్యా జెండా కింద పోరాడిన లాంబ్రోస్ కత్సోనిస్ ఒకసారి వచ్చి కొట్టిపోయారు. దండు వచ్చిన ప్రతిసారీ జనం చెదిరిపోవడం, దండు పోయాక రేవు కోసం మళ్లీ చేరడం ఇక్కడ కొత్త కాదు. 1821లో గ్రీకు స్వాతంత్ర్య పోరాటం మొదలైనప్పుడు కూడా ఆడవాళ్లనూ పిల్లలనూ వేరే దీవులకు తరలించి, మగవాళ్లు ఓడలతో తిరుగుబాటులో కలిశారు. కొత్తగా ఏర్పడిన గ్రీకు రాజ్యపు సరిహద్దులు తేలాక, 1830ల మొదట్లో దీవిని మళ్లీ ఒట్టోమన్ సుల్తానుకు ఒప్పగించారు.

గ్రీకు జాతీయ చరిత్ర దృష్టితో చూస్తే అది నష్టం. ఊరి జనాభా దృష్టితో చూస్తే మాత్రం దీవికి మంచి రోజులు అప్పుడే మొదలయ్యాయి. సుల్తాను పాలనలో ఈ చుట్టుపక్కల దీవులు ఏటా ఒక గుత్త మొత్తం పన్నుగా కట్టేస్తే, లోపలి వ్యవహారాలు తమంతట తామే చూసుకునేవి. ఊరి పెద్దల సంఘం బళ్లు నడిపేది, గుళ్లు కట్టించేది, తగాదాలు తీర్చేది. అన్నిటికంటే ముఖ్యం, దీవీ ఎదుటి ఒడ్డూ ఒకే సామ్రాజ్యంలో ఉండటం. రెండింటి మధ్య సుంకపు గోడ లేదు.

ఎదుటి ఒడ్డున లిసియా కొండల్లో అడవులున్నాయి. అక్కడి కలప, బొగ్గు, తోళ్లు ఊనడానికి పనికొచ్చే ఓక్ కాయల గిన్నెలు కాస్తెలోరిజో ఓడల్లో అలెగ్జాండ్రియాకూ బేరూత్‌కూ వెళ్లేవి. తిరుగు ప్రయాణంలో బియ్యం, కాఫీ, చక్కెర, బట్టలు వచ్చేవి. స్పాంజీల కోసం సముద్రంలో మునిగేవాళ్లు కొందరు. సరుకులన్నింటిలోకి ఎక్కువ లాభం తెచ్చింది ఓడ బాడుగే. దీవివాళ్లు ఒక్క సరుకు మోసి ఊరుకోలేదు, అవతలి ఒడ్డున స్థిరపడ్డారు కూడా. నేటి కాష్, కల్కాన్ పట్నాలు 19వ శతాబ్దంలో చాలావరకు కాస్తెలోరిజో వర్తకులు వెళ్లి ఇళ్లు కట్టుకున్న చోట్లే. అక్కడ వాళ్లకు పొలాలున్నాయి, పశువులున్నాయి, కొట్లున్నాయి. అంటే కాస్తెలోరిజో జనాభా పది వేలన్నప్పుడు ఆ పది వేలమందికీ కూడు దీవిలోనే పుట్టిందనుకోకూడదు. కాపురం ఇక్కడ, పంట అక్కడ.

ఆ కాలపు సంపద ఎలాంటిదో ఊళ్లో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాలు చెబుతాయి. 1835లో కట్టిన కాన్‌స్టాంటైన్, హెలెనాల గుడిలో పైకప్పును మోస్తున్న నల్లసేనపురాతి స్తంభాలు అవతలి ఒడ్డునున్న ప్రాచీన నగరం పతారా నుంచి తెచ్చినవి. అక్కడ పాడుబడిన అపోలో ఆలయం నుంచి వాటిని పడవలకెత్తి, సముద్రం దాటించి, గుట్ట మీదికి చేర్చారు. గుడికి ఎదురుగానే 20వ శతాబ్దం మొదట్లో సంత్రాపె అనే ధనిక కుటుంబం డబ్బుతో లేచిన బడి ఉంది. ఏథెన్స్ విశ్వవిద్యాలయాన్ని తలపించేలా ముఖద్వారానికి స్తంభాలు పెట్టి కట్టారు. ఇప్పటి పిల్లల సంఖ్య చూస్తే ఆ భవనం ఏ జిల్లా కేంద్రానికో ఉండాల్సిందనిపిస్తుంది. కట్టినప్పుడు అది ఊరికి సరిపోయిన కొలతే.

ఇళ్లు రేవు చుట్టూ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. రెండు, మూడు అంతస్తులు, వెడల్పు తక్కువ, ముందువైపు చెక్క వసారా, పైన పెంకు. ఇక్కడ ఇల్లు కూతురికి దక్కుతుంది. పెళ్లి చేయాలంటే పిల్లకు ఇల్లు ఉండాలి, అల్లుడు ఆ ఇంటికే వస్తాడు. తండ్రీ అన్నదమ్ములూ ఓడల మీద సంపాదించింది ముందుగా ఆడపిల్లల ఇళ్లకే పోయేది. ఈ కట్టుబాటు తర్వాతి కాలంలో వలసను చాలా ప్రభావితం చేసింది. ఇల్లు కట్టే స్తోమత పోయిన తండ్రులకు, ఇంటి ఆడపిల్లను ఆస్ట్రేలియాలో ఉన్న ఊరి కుర్రాడికిచ్చి పంపడం దారి అయింది. కట్నం ఇల్లు అడగని పెళ్లి అక్కడే దొరికేది.

మొదటి దెబ్బ యుద్ధం కాదు, సాంకేతికం. 19వ శతాబ్దం చివరి రెండు మూడు దశాబ్దాల్లో ఆవిరి ఓడలు తెరచాప ఓడల బాడుగను లాక్కున్నాయి. ఆవిరి ఓడకు కాస్తెలోరిజో లాంటి మజిలీ అక్కర్లేదు, నేరుగా పెద్ద రేవుకే పోతుంది. కాస్తెలోరిజో నౌకా యజమానుల్లో ఆవిరికి మారగలిగినవాళ్లు తక్కువ. అదే కాలంలో కుర్రవాళ్లు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా, పోర్ట్ సయీద్‌లకు పనులకు పోవడం మొదలుపెట్టారు. ఇంకొందరు బ్రెజిల్ దక్షిణ తీరంలోని ఫ్లోరియానోపొలిస్‌కు చేరారు. 1890లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారం పడటంతో అటు దారి తెరుచుకుంది. సూయెజ్ కాలువ దాటి ఆస్ట్రేలియా వెళ్లే ఓడకు మొదట తగిలే రేవు ఫ్రీమాంటిల్, దాని పక్కనే పెర్త్ నగరం. కాస్తెలోరిజోవాళ్లు సిడ్నీకి కూడా వెళ్లారు గానీ పెర్త్‌లో అంత గట్టిగా నాటుకోవడానికి కారణం ఈ ఓడ దారే.

1908లో యువతుర్కుల విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం సామ్రాజ్యంలోని పౌరులందరినీ సమానంగా చూస్తానంది. ఆ సమానత్వంలో క్రైస్తవులకు కూడా తప్పనిసరి సైనిక సేవ ఉంది, పాత గుత్త పన్ను రాయితీల రద్దు ఉంది. దీవుల కుర్రవాళ్లకు ఈ సమానత్వం రుచించలేదు. సైన్యంలోకి పట్టుకుపోయే వయసు వచ్చేలోపే ఓడెక్కడం ఆనవాయితీ అయింది. 1912లో పెర్త్‌లో కాస్తెలోరిజో సంఘం ఏర్పడింది. అప్పటికే అక్కడ ఊరివాళ్లు ఒక సంఘానికి సరిపడా ఉన్నారన్నమాట.

అదే 1912లో ఇటలీ, తుర్కులతో యుద్ధంలో రోడ్స్‌నూ చుట్టుపక్కల దీవులనూ ఆక్రమించింది. కాస్తెలోరిజోను మాత్రం వదిలేసింది. ఊరివాళ్లు తమను కూడా కలుపుకోమని ఇటలీ సేనాధిపతిని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. 1913 మార్చిలో ఊరివాళ్లే తిరగబడి తుర్కు అధికారినీ, కొద్దిమంది సైనికులనూ పట్టుకుని దీవి గ్రీసులో కలిసిందని ప్రకటించారు. గ్రీసు పాలకుణ్ణి పంపింది గానీ, పెద్ద రాజ్యాల ఒత్తిడి వల్ల దీవిని అధికారికంగా కలుపుకోలేకపోయింది. 1914 ఫిబ్రవరిలో ఆ పెద్ద రాజ్యాలు ఏజియన్ దీవుల పంపకం తేల్చినప్పుడు ఇంబ్రోస్, తెనెదోస్‌లతో పాటు కాస్తెలోరిజోను తుర్కులకే ఇవ్వాలన్నాయి. తుర్కులు వచ్చి తీసుకునేలోగా మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1915 డిసెంబరులో ఫ్రెంచి నౌకాదళం దీవిని ఆక్రమించింది.

ఫ్రెంచివాళ్లకు అది సిరియా తీరం మీద కన్నేసి ఉంచే చోటు. ఊరికి అది ఎదుటి ఒడ్డు శత్రుభూమిగా మారిన రోజు. పొలాలు, పశువులు, బాకీలు, బంధువులు అవతల ఉండిపోయారు. పైగా అవతలి కొండల మీద తుర్కుల ఫిరంగులున్నాయి. 1917 జనవరిలో రేవులో లంగరు వేసి ఉన్న బ్రిటిష్ విమానవాహక నౌక బెన్-మై-క్రీని ఆ ఫిరంగులే కొట్టి ముంచాయి. నౌక మునిగింది రేవు లోపలే కాబట్టి గుండ్లు ఇళ్ల మీద పడకుండా ఉండి ఉండవు. ఫ్రెంచివాళ్లున్న ఐదేళ్ల పైచిలుకు కాలంలో జనం వేల సంఖ్యలో ఈజిప్టుకూ ఆస్ట్రేలియాకూ వెళ్లిపోయారు. ఊరి పతనాన్ని చెప్పేటప్పుడు చాలామంది రెండో ప్రపంచయుద్ధం దగ్గర ఎక్కువ సేపు ఆగుతారు. లెక్క ప్రకారం చూస్తే పెద్ద తరుగు ఇక్కడే పడింది.

వెళ్లినచోట కూడా లెక్కలు వెంటాడాయి. 1916లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ దేశంలోని గ్రీకులందరినీ పోలీసుల ద్వారా రహస్యంగా లెక్కపెట్టించింది. గ్రీసు రాజు జర్మనీ వైపు మొగ్గుతున్నాడన్న అనుమానం అందుకు కారణం. ఆ ఏడాదే కల్గూర్లీ గనుల పట్టణంలో గ్రీకుల కొట్లను గుంపులు ధ్వంసం చేశాయి. కాస్తెలోరిజో నుంచి వెళ్లినవాళ్ల పరిస్థితి మరీ చిత్రం. మాట, మతం గ్రీకు, కాగితాల మీద మాత్రం శత్రుదేశమైన ఒట్టోమన్ ప్రజలు. తర్వాతి తరానికి ఇటలీ కాగితాలు, ఆ తర్వాతి తరానికి గ్రీసువి. ఒకే ఇంట్లో తాతకూ తండ్రికీ మనవడికీ మూడు దేశాలు.

1921లో ఫ్రాన్స్ దీవిని ఇటలీకి అప్పజెప్పింది. 1923 లోజాన్ ఒప్పందంలోని 15వ అధికరణం ఆ పంపకాన్ని పేరుపెట్టి ఖాయం చేసింది. అదే లోజాన్‌లో గ్రీసు, తుర్కియే జనాభాను మార్చుకునే ఒడంబడిక కూడా కుదిరింది. తుర్కియేలోని ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీసులోని ముస్లింలు తుర్కియేకు పోవాలి. ఇటలీ చేతిలో ఉన్న దీవులకు ఆ ఒడంబడిక వర్తించలేదు. కాబట్టి కాస్తెలోరిజో నుంచి ఎవరినీ వెళ్లగొట్టలేదు. అయినా కాస్తెలోరిజోకు దెబ్బ తగిలింది. కాష్‌లోనూ కల్కాన్‌లోనూ ఉన్న గ్రీకులు తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోవాల్సి వచ్చింది. వాళ్లంతా ఈ ఊరివాళ్ల చుట్టాలు, బేరగాళ్లు, పాలేర్లకు యజమానులు. ఊరిని పోషించిన రెండో సగం ఒక్క సంతకంతో తెగిపోయింది. దీవిలో ఉన్నవాళ్లకు రేవు మిగిలింది, రేవుకు సరుకు మిగల్లేదు.

ఇటాలియన్ల కాలం నిలకడగా క్షీణించిన కాలం. రేవు పక్కన కమానులతో అంగడి కట్టించారు, పరిపాలన భవనం కట్టించారు. మార్సెయ్ నుంచి బేరూత్ వెళ్లే ఫ్రెంచి నీటివిమానాలు కొన్నేళ్లు ఇక్కడ దిగి ఇంధనం నింపుకునేవి, ఆ పని మీద కొందరికి కూలి దొరికింది. 1926 మార్చిలో వచ్చిన భూకంపం చాలా ఇళ్లను పడగొట్టింది. పడినవాటిలో చాలావాటిని తిరిగి కట్టే మగవాళ్లు ఊళ్లో లేరు. 1934 జనవరిలో పెంచిన సుంకాల మీద జనం తిరగబడ్డారు, ఆడవాళ్లు ముందు నడిచారు. ఊళ్లో అప్పటికి ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. ఆస్ట్రేలియా నుంచి వచ్చే మనియార్డర్ల మీద ఎన్నో ఇళ్లు నడిచాయి. డబ్బు పంపినవాడు కొన్నేళ్లకు పెళ్లాం బిడ్డలను కూడా రప్పించుకునేవాడు, దాంతో ఆ ఇంటికి తాళం పడేది.

1941 ఫిబ్రవరిలో బ్రిటిష్ కమాండోలు దీవిలో దిగి కోటను పట్టుకున్నారు. ఊరివాళ్లు సంబరంగా ఎదురెళ్లారు. మూడు రోజుల్లోనే ఇటాలియన్లు తిరిగివచ్చి కమాండోలను వెళ్లగొట్టారు, సంబరపడినవాళ్లను జైళ్లలో పెట్టారు. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయింది, రెండు రోజులకే బ్రిటిష్ దళాలు మళ్లీ వచ్చాయి. ఈసారి జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. బ్రిటిష్ అధికారులు ఊరిని ఊరుగా ఖాళీ చేయించి సైప్రస్‌కు, అక్కడి నుంచి గాజాలోని నుసేరత్ గుడారాల శిబిరానికి పంపారు. కొన్నేళ్ల తర్వాత పాలస్తీనా శరణార్థులతో నిండిన నుసేరత్ అదే. గ్రీకు దీవులవాళ్లు అక్కడ రెండేళ్ల దాకా ఉన్నారు. వాళ్లు లేని సమయంలో, 1944 జూలైలో, రేవు దగ్గర నిలవ చేసిన ఇంధనం అంటుకుని మంటలు ఇళ్లకు పాకాయి. ఊళ్లో సగం దాకా కాలిపోయింది. ఎవరూ లేని ఇళ్లలో సామాన్లు కూడా మాయమయ్యాయి.

తిరుగు ప్రయాణం అంతకంటే ఘోరంగా జరిగింది. 1945 సెప్టెంబరు 29న ఎంపైర్ పట్రోల్ అనే ఓడ ఐదు వందల మంది దాకా కాస్తెలోరిజో కాందిశీకులను ఎక్కించుకుని పోర్ట్ సయీద్ నుంచి బయల్దేరింది. యుద్ధంలో ఇటలీ నుంచి బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్న ఓడ అది. కొన్ని గంటలకే ఓడలో నిప్పు పుట్టింది. పడవలు దించారు, తెప్పలు వదిలారు, కొందరు నీళ్లలోకి దూకారు. బ్రిటిష్ విమానవాహక నౌక ట్రౌన్సర్ వచ్చి చాలామందిని కాపాడింది. 33 మంది చనిపోయారు. ఇల్లు చేరుతున్నామని బయల్దేరిన కుటుంబాల్లో పసిపిల్లలు కూడా పోయారు. బతికినవాళ్లను మళ్లీ పోర్ట్ సయీద్‌కే తీసుకెళ్లి, తర్వాత ఇంకో ఓడలో ఇంటికి చేర్చారు. తీరా చేరితే ఉండటానికి ఇళ్లు లేవు. చాలామంది చూసి, ఏరుకోగలిగింది ఏరుకుని, రోడ్స్‌కూ ఏథెన్స్‌కూ ఆస్ట్రేలియాకూ దారి పట్టారు.

1947 ఫిబ్రవరిలో పారిస్ శాంతి ఒప్పందం ఈ దీవులను గ్రీసుకిచ్చింది. 1948 మార్చి 7న అధికారికంగా కలిపారు. 1913లో ఊరు కోరింది 35 ఏళ్లకు దక్కింది. అప్పటికి కోరినవాళ్లలో ఎక్కువమంది అక్కడ లేరు. 1952లో గ్రీసు, ఆస్ట్రేలియా మధ్య వలస ఒప్పందం కుదిరాక మిగిలినవాళ్లకు వెళ్లడం ఇంకా తేలికైంది. పెర్త్‌లో, సిడ్నీలో చేపల దుకాణాలు, పళ్ల కొట్లు, కాఫీ హోటళ్లు నడుపుతున్న మేనమామలూ బావలూ హామీ పత్రాలు పంపారు. ఆ కుటుంబాలు బాగా ఎదిగాయి. చేపల వ్యాపారంతో, ముత్యాలతో పేరుపడ్డ కైలిస్‌ల మూలాలు ఇక్కడివే. 2006 నుంచి 2011 దాకా పశ్చిమ ఆస్ట్రేలియా గవర్నరుగా ఉన్న కెన్ మైకేల్ కుటుంబం కూడా కాస్తెలోరిజోదే. ఈ ఊరి సంతతి ఆస్ట్రేలియాలో ఇప్పుడు ఊరి జనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడివాళ్లు వీళ్లను ముద్దుగా క్యాజీలంటారు.

1950ల నుంచి 1980ల దాకా ప్రతి జనగణనకూ అంకె తగ్గుతూ వచ్చింది. ఈ కాలంలో గ్రీసు అంతటా కొండ పల్లెలూ చిన్న దీవులూ ఖాళీ అవుతూనే ఉన్నాయి. జనం ఏథెన్స్‌కూ జర్మనీకీ తరలిపోతున్నారు. కాస్తెలోరిజోకు ఒక తేడా ఉంది. గ్రీకు ప్రభుత్వానికి సరిహద్దు దీవి నిర్మానుష్యం కావడం ఇష్టం లేదు. ఆ పట్టుదలకు గుర్తుగా దేశమంతా చెప్పుకున్న మనిషి దెస్పినా అఖ్లాదియోతి. కాస్తెలోరిజో పక్కన రో అనే చిట్టిదీవిలో ఆమె భర్తతోనూ, ఆయన పోయాక తల్లితోనూ, చివరికి ఒక్కతెగానూ మేకలను పెంచుకుంటూ బతికింది. రోజూ పొద్దున్నే గ్రీకు జెండా ఎగరేసేది. 1982లో చనిపోయేదాకా ఆ పని మానలేదు. ఆమెను ‘రో దొరసాని’ అన్నారు, ప్రభుత్వం సత్కరించింది. ఒక్క మనిషితో ఒక దీవి జనావాసం అనిపించుకోవడం వేరేచోట వేడుక మాట. ఇక్కడ దానికి అంతర్జాతీయ చట్టంలో విలువ ఉంది.

సముద్ర చట్టంపై ఐక్యరాజ్య సమితి ఒడంబడికలో 121వ అధికరణం ఉంది. మనుషులు నివసించడానికి గానీ, సొంత ఆర్థిక జీవనానికి గానీ వీలుకాని రాళ్లకు ప్రత్యేక ఆర్థిక మండలం ఉండదని దాని సారం. మనుషులు బతకగలిగే దీవికైతే 200 నాటికల్ మైళ్ల దాకా ఉండవచ్చు. దాని ఆధారంగా గ్రీసు కాస్తెలోరిజో చుట్టూ పెద్ద సముద్ర భాగం తనదంటుంది. అంత చిన్న దీవి తన పొడవాటి తీరానికి అడ్డు పడటం న్యాయం కాదని, ఆ ఒడంబడికపై సంతకం చేయని తుర్కియే అంటుంది. 2020లో తుర్కియే పరిశోధక నౌక ఒరూచ్ రెయిస్ ఈ నీళ్లలోకి రావడంతో రెండు దేశాల నౌకాదళాలు ఎదురెదురు నిలిచాయి. అదే ఏడాది ఆగస్టులో గ్రీసు, ఈజిప్టు తమ మధ్య సముద్ర హద్దు గీసుకున్నాయి. ఆ గీత 28వ రేఖాంశం దగ్గర ఆగింది. కాస్తెలోరిజో ఇంకా తూర్పున ఉండటంతో ఆ పేచీ అలాగే మిగిలింది. ఐదారు వందల మంది ఊరి జనసంఖ్య మీద దౌత్యవేత్తలకు ఇంత శ్రద్ధ ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

తగ్గుదల ఆగి అంకె పైకి తిరిగింది 1980ల చివర. ఆ దశాబ్దపు రెండో సగంలో విమానాశ్రయం వచ్చింది. రోడ్స్‌కు ఓడలో పట్టే సగం రోజు ప్రయాణం అరగంటకు తగ్గింది. సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం వచ్చాక వాన తొట్ల మీద ఆధారపడటం తగ్గింది. 1991లో గాబ్రియేలె సాల్వతోరెస్ తీసిన ఇటాలియన్ సినిమా మెడితెరానెయో చిత్రీకరణ ఇక్కడే జరిగింది. దానికి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ రావడంతో ఇటలీ నుంచి పర్యాటకులు వరస కట్టారు. ఒకప్పుడు ఇటలీ పాలనను ఎదిరించిన ఊరికి వేసవి ఆదాయంలో కొంత ఇప్పుడు ఇటాలియన్ల నుంచి వస్తోంది. 2010 ఏప్రిల్ 23న నాటి గ్రీసు ప్రధాని యోర్గోస్ పాపాంద్రేయు, దేశం అప్పుల ఊబిలో పడి ఐరోపా సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయం కోరుతోందని ప్రకటించింది కూడా ఈ రేవు ముందు నిలబడే. వెనకాల నీలి సముద్రం, రంగురంగుల ఇళ్లు. గ్రీకుల నోట ‘కాస్తెలోరిజో’ అన్నది కొన్నేళ్లు ఆర్థిక సంక్షోభానికి మారుపేరుగా నడిచింది.

ఇంకా పెద్ద మార్పు ఎదుటి ఒడ్డుతో రాకపోకలు తిరిగి మొదలవడం. కాష్ నుంచి పడవలు పొద్దున తుర్కియే పర్యాటకులను తెస్తాయి, సాయంత్రం తీసుకుపోతాయి. దీవివాళ్లు కూరగాయలకూ బట్టలకూ కాష్ సంతకు వెళ్తారు. రోడ్స్ నుంచి ఓడలో వచ్చే సరుకు కంటే అది చవక, తాజా. 1923లో తెగిన లింకు వీసా ముద్రల మీద, వేసవి వరకైనా, కొంత అతుక్కుంది. పై రాజధానుల్లో వాతావరణం వేడెక్కినప్పుడు ఈ పడవలు ఆగిపోతాయి, చల్లబడితే మళ్లీ నడుస్తాయి. సిరియా యుద్ధం తర్వాత, ముఖ్యంగా 2015లో, ఇదే చిన్న నీటి పట్టీ మీదుగా రబ్బరు పడవల్లో శరణార్థులు దాటి వచ్చారు. నమోదయ్యాక ఓడలో రోడ్స్‌కో ఏథెన్స్‌కో పోయారు. వాళ్లు ఏ జనగణనలోనూ ఊరి లెక్కలోకి రాలేదు.

జనగణన అంకెల్ని కూడా జాగ్రత్తగా చదవాలి. గ్రీసులో ఒక ఊరికి మూడు రకాల జనాభా ఉంటుంది. లెక్క తీసిన రోజు ఊళ్లో ఉన్నవాళ్లు ఒక లెక్క. ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే నివసించేవాళ్లు రెండో లెక్క. ఆ ఊరి పౌర పట్టికలో పేరు ఉండి, ఎక్కడ నివసించినా అక్కడే ఓటు వేసే హక్కున్నవాళ్లు మూడో లెక్క. ఊరికొచ్చే నిధులు తలల లెక్క మీద ఆధారపడటంతో, జనగణన రోజుకు నగరాల నుంచి బస్సులెక్కి సొంతూరు వచ్చి రాయించుకోవడం గ్రీసులో దశాబ్దాల పాటు సాగిన ఆచారం. చిన్న ఊళ్ల పాత అంకెల్లో కొంత ఉబ్బు దాని వల్లే. శాశ్వత నివాసులను వేరుగా లెక్కించడం మొదలయ్యాక ఆ ఉబ్బు తగ్గింది. ఆస్ట్రేలియాలో ఉన్న మనవలూ మునిమనవలూ అటు గ్రీసు జనగణనలో కనిపించరు. ఇంటి దస్తావేజుల్లో మాత్రం వాళ్ల పేర్లే ఉన్నాయి. ఒక పాడుబడ్డ ఇంటికి మూడు ఖండాల్లో ఇరవైమంది వారసులుంటే, దాన్ని అమ్మడానికైనా బాగు చేయడానికైనా అందరి సంతకాలు కావాలి. రేవు వెంబడి ఇళ్లన్నీ రంగులు వేసుకుని మెరుస్తుంటే రెండు వీధులు పైకి వెళ్లగానే కప్పులేని గోడలు, గోడల మధ్య అంజూర చెట్లు ఇప్పటికీ కనిపించడానికి ఆ సంతకాలు దొరకకపోవడం ఒక కారణం.

ఇప్పుడున్న ఆరు వందల లోపు జనంలో పాత కుటుంబాలవాళ్లు ఒక భాగమే. సరిహద్దు కాబట్టి సైనికులు, పోలీసులు, తీర రక్షకులు ఉంటారు. ఉపాధ్యాయులు, వైద్యులు బదిలీ మీద వస్తారు, పోతారు. 1991 తర్వాత గ్రీసు అంతటా వచ్చినట్టే అల్బేనియా నుంచి తాపీ పనివాళ్లు వచ్చారు, పాత ఇళ్లను తిరిగి నిలబెట్టే పని అటువంటివాళ్ల చేతులతోనే సాగింది. పెర్త్‌లో ఉద్యోగ విరమణ చేసి నాయనమ్మ ఇంట్లో ఉండటానికి వచ్చినవాళ్లు, అద్దె గదులు నడపడానికి వచ్చిన ఇటాలియన్లు కొందరున్నారు. ఆగస్టులో ఆస్ట్రేలియా సంతతి సెలవులకు దిగినప్పుడు రేవు గట్టు మీద బల్లలు చాలవు, పిల్లలు ఆస్ట్రేలియా యాసలో ఇంగ్లీషు మాట్లాడుతూ నీళ్లలోకి దూకుతుంటారు. అక్టోబరు దాటాక హోటళ్లు మూతపడతాయి. చలికాలంలో సముద్రం పోటెత్తితే రోడ్స్ ఓడ వారంలో రావాల్సిన రోజులు కూడా రాదు. ఊరి అంకె ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఏ నెలలో అడిగారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.